−19.25 నిజమా, −19.43 నిజమా: విశ్వ విస్తరణ లెక్క ఎక్కడ చిక్కుబడింది

విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందని అడిగితే ఇవాళ రెండు జవాబులు వస్తాయి. చుట్టుపక్కల గెలాక్సీల దూరాలు కొలిచి లెక్కగట్టినవాళ్లు 73 అంటారు. విశ్వం పుట్టిన 3,80,000 ఏళ్లకు బయలుదేరిన కాంతిని చదివి లెక్కగట్టినవాళ్లు 67.4 అంటారు. ఈ అంకెకు హబుల్ స్థిరాంకం అని పేరు. ఒక మెగాపార్సెక్ దూరం, అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలు పెరిగినప్పుడల్లా గెలాక్సీ మన నుంచి దూరమయ్యే వేగం సెకనుకు ఎన్ని కిలోమీటర్లు పెరుగుతుందో అది చెబుతుంది.

రెండు జవాబుల మధ్య తేడా 8 శాతం. ఒకప్పుడు ఇంత చిన్న తేడాను ఎవరూ పట్టించుకునేవారు కాదు. 1929లో హబుల్ వేసిన లెక్కలో ఈ స్థిరాంకం 500 దాకా వచ్చింది. 1970లు, 80లలో 50 అనే వర్గానికీ 100 అనే వర్గానికీ మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2001లో హబుల్ టెలిస్కోపు తేల్చిన విలువ 72, దాని దోష పరిమితి అటూ ఇటూ 8. ఆ పరిమితిలో 67, 73 రెండూ హాయిగా ఇమిడిపోతాయి. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఆడమ్ రీస్ నాయకత్వంలోని షూస్ బృందం 2022లో ప్రకటించిన విలువ 73.04, దోషం 1.04. ఆ తొలి కాంతిని చదివిన ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితం 67.4, దోషం 0.5. రెండు దోషాలనూ కలిపి చూసినా మధ్యలో దాదాపు 5 సిగ్మాల ఎడం, అంటే ఆ ఉమ్మడి దోషానికి ఐదు రెట్ల ఎడం మిగులుతోంది. కేవలం యాదృచ్ఛికంగా ఇంత ఎడం వచ్చే అవకాశం లక్షల్లో ఒకటి. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి: సిగ్మా లెక్కలోకి మనకు తెలిసిన దోషాలే వస్తాయి. తెలియని దోషానికి సిగ్మా ఉండదు.

దీన్ని వేగం గురించిన తగాదాగా చూస్తే చిక్కు విడదు. వేగం కొలవడం తేలిక. గెలాక్సీ వర్ణపటంలో గీతలు ఎంత ఎరుపు వైపు జరిగాయో చూస్తే చాలు, ఆ రెడ్‌షిఫ్ట్ దగ్గర ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా దూరం దగ్గర, ఆ దూరాన్ని కొలవడానికి ఆధారమైన కొలబద్ద పొడవు దగ్గర. కొలబద్దలు రెండున్నాయి. ఒకటి పేలే నక్షత్రాల అసలు ప్రకాశం. రెండోది తొలి విశ్వంలో ధ్వని ప్రయాణించిన దూరం. రెండింట్లో ఏదో ఒకదాని పొడవు మనం తప్పుగా అనుకుంటున్నాం. ఏ కొత్త సిద్ధాంతం ముందుకొచ్చినా ముందుగా అడగాల్సింది ఇదే: నువ్వు ఏ కొలబద్దను మారుస్తున్నావు?

మూడు మెట్ల నిచ్చెన

మొదటి కొలబద్దను తయారుచేయడానికి మూడు మెట్లెక్కాలి. కింది మెట్టు శుద్ధ జ్యామితి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రాలు దూరపు నేపథ్యం మీద కాస్త అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తాయి. ఆ దృష్టిభేదాన్ని గాయా ఉపగ్రహం మన గెలాక్సీ నక్షత్రాలకు కొలిచింది. పెద్ద మెజెల్లానిక్ మేఘంలో ఒకదాన్నొకటి కప్పుకుంటూ తిరిగే జంట నక్షత్రాల నుంచి ఆ మేఘం దూరం 49.6 కిలోపార్సెక్‌లని 1 శాతం కచ్చితత్వంతో తేలింది. ఎన్‌జీసీ 4258 గెలాక్సీ నడిబొడ్డున కృష్ణబిలం చుట్టూ తిరిగే నీటి ఆవిరి మేఘాలు రేడియో కిరణాలు వెదజల్లుతాయి. వాటి వేగాన్ని, ఆకాశంలో అవి జరిగే కోణాన్ని కలిపి చూస్తే ఆ గెలాక్సీ దూరం 7.58 మెగాపార్సెక్‌లు, దోషం 1.5 శాతం.

రెండో మెట్టు సెఫీడ్ నక్షత్రాలు. వాటి పైపొరల్లోని హీలియం అయనీకరణం చెంది వేడిని బయటకు పోనీయకుండా పట్టి ఉంచుతుంది. నక్షత్రం ఉబ్బుతుంది, చల్లబడుతుంది, మళ్లీ కుంచించుకుంటుంది. ఈ లయకు పట్టే కాలం ఎంత ఎక్కువైతే నక్షత్రం అంత ప్రకాశవంతం. చిన్న మెజెల్లానిక్ మేఘంలోని 25 సెఫీడ్‌లతో హెన్రియెటా లెవిట్ 1912లో ఈ సంబంధాన్ని ప్రకటించింది. నేటి లెక్కలో, పరారుణ కాంతిలో ధూళి ప్రభావం తీసేశాక, 10 రోజుల సెఫీడ్ నిరపేక్ష మాగ్నిట్యూడ్, అంటే అసలు ప్రకాశపు కొలత, −5.89. కాలం రెట్టింపైతే మరో ఒక మాగ్నిట్యూడ్, అంటే రెండున్నర రెట్లు, ప్రకాశం పెరుగుతుంది. (మాగ్నిట్యూడ్ తగ్గేకొద్దీ ప్రకాశం పెరుగుతుందన్నది గుర్తుంచుకోవాలి.) ఎన్‌జీసీ 4258 దూరాన్ని మాగ్నిట్యూడ్‌లలోకి మారిస్తే 29.40 వస్తుంది. కాబట్టి అక్కడి 10 రోజుల సెఫీడ్ మనకు 23.5 మాగ్నిట్యూడ్‌తో కనిపించాలి. మరో గెలాక్సీలో అదే కాలపు సెఫీడ్ 25.5తో కనిపిస్తే అది రెండున్నర రెట్ల దూరంలో ఉన్నట్టు. నిచ్చెన మొత్తం ఇలాంటి తీసివేతలే.

మూడో మెట్టు టైప్ 1ఎ సూపర్‌నోవాలు. తెల్లకుబ్జ నక్షత్రాల, అంటే ఆయువు తీరిన నక్షత్రాల దట్టమైన అవశేషాల, ఈ పేలుళ్లన్నీ దాదాపు ఒకే ప్రకాశంతో వెలుగుతాయి. వెలుగు ఎంత నెమ్మదిగా తగ్గుతుంది, రంగు ఎలా ఉంది అన్నవి చూసి సవరిస్తే ఒక్కో పేలుడు ప్రకాశం 0.13 మాగ్నిట్యూడ్ తేడాలోకి వస్తుంది. చిక్కేమిటంటే సెఫీడ్‌లు స్పష్టంగా కనిపించేంత దగ్గరి గెలాక్సీల్లో ఇవి మహా అరుదు. ఏడాదికి ఒకటి దొరికితే ఎక్కువ. నాలుగు దశాబ్దాల పంట 37 గెలాక్సీల్లో 42 సూపర్‌నోవాలు. వాటి సగటు అసలు ప్రకాశమే మన కొలబద్ద: −19.253.

ఇక మిగిలింది దూరపు సూపర్‌నోవాలతో పోల్చడం. రెడ్‌షిఫ్ట్ 0.023 నుంచి 0.15 వరకు ఉన్నవాటినే తీసుకుంటారు. ఇంకా దగ్గరివి తీసుకోకపోవడానికి కారణముంది. ప్రతి గెలాక్సీకీ ఇరుగుపొరుగు గురుత్వాకర్షణ వల్ల సెకనుకు 300 కిలోమీటర్ల స్థాయిలో సొంత వేగం ఉంటుంది. 0.023 రెడ్‌షిఫ్ట్ దగ్గర విస్తరణ వేగం 6,900 కిలోమీటర్లు కాబట్టి సొంత వేగం వల్ల వచ్చే దోషం 4 శాతానికి పడిపోతుంది, చాలా గెలాక్సీల సగటులో అదీ కరిగిపోతుంది. మరీ దూరం వెళ్తే డార్క్ ఎనర్జీ (విస్తరణను వేగవంతం చేసే, అంతుపట్టని శక్తి) స్వభావం లెక్కలోకి చొరబడుతుంది.

చివరి సూత్రం ఒక్క వాక్యం. కొలబద్ద మాగ్నిట్యూడ్‌లో ఐదో వంతుకు 0.714, ఆపై 5 కలిపితే హబుల్ స్థిరాంకపు లాగరిథం వస్తుంది. −19.253లో ఐదో వంతు −3.8506. దానికి 5.7142 కలిపితే 1.8636. దాని ప్రతిలాగరిథం 73.04. ఇందులో 0.714 దూరపు సూపర్‌నోవాల నుంచి వచ్చింది, దానికి ఏ దూరమూ తెలియనక్కర్లేదు, దాని మీద వివాదమూ లేదు. ఇప్పుడు ఇదే సూత్రాన్ని వెనక్కి నడిపి జవాబు 67.4 రావాలంటే కొలబద్ద ఎంత ఉండాలో చూద్దాం. −19.43 రావాలి.

వివాదమంతా ఈ రెండు అంకెల మధ్య ఉన్న 0.17 మాగ్నిట్యూడ్‌లో ఉంది. టైప్ 1ఎ సూపర్‌నోవాలు మనం అనుకుంటున్నదానికంటే 17 శాతం ఎక్కువ ప్రకాశవంతమైతే తగాదా అక్కడితో సరి.

0.17 ఎక్కడి నుంచి రావచ్చు

మొదటి అనుమానం గాయా మీద. 2,000 పార్సెక్‌ల దూరంలోని సెఫీడ్ దృష్టిభేదం 500 మైక్రో ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు, మైక్రో అంటే అందులో పది లక్షలో వంతు). ఉపగ్రహం కొలతల సున్నా బిందువే 20 మైక్రో ఆర్క్‌సెకన్లు పక్కకు జరిగి ఉంటే దూరంలో 4 శాతం తప్పు వస్తుంది. అలాంటి జరుగుడు నిజంగానే ఉంది. అతి దూరంలో ఉండి దృష్టిభేదం సున్నా కావలసిన క్వేజార్లను (మహా ప్రకాశంతో వెలిగే గెలాక్సీ కేంద్రాలను) కొలిచి దాన్ని పట్టుకున్నారు, నక్షత్రపు ప్రకాశాన్నీ రంగునూ బట్టి సవరిస్తున్నారు. కానీ ఇదొక్కటే మూలమని అనలేం. గాయాను పూర్తిగా పక్కనపెట్టి ఎన్‌జీసీ 4258 ఒక్కదాన్నే లేదా పెద్ద మెజెల్లానిక్ మేఘం ఒక్కదాన్నే ఆధారం చేసుకున్నా జవాబు 72 నుంచి 74 మధ్యనే ఉంటోంది. మూడు వేర్వేరు భౌతిక పద్ధతులు ఒకే వైపు, ఒకే మోతాదులో తప్పడం కష్టం.

రెండో అనుమానం ఇంతకంటే గట్టిది: గుమికూడిన నక్షత్రాలు. హబుల్ టెలిస్కోపు పరారుణ కెమెరాలో ఒక పిక్సెల్ 0.13 ఆర్క్‌సెకన్లు. 20 మెగాపార్సెక్‌ల దూరంలో ఆ ఒక్క పిక్సెల్ 40 కాంతి సంవత్సరాల వెడల్పును కప్పేస్తుంది. అంత జాగాలో సెఫీడ్ ఒక్కటే ఉండదు, దాని వెనకా ముందూ మామూలు నక్షత్రాలు బోలెడు. వాటి వెలుగు కలిసిపోతే సెఫీడ్ ఉన్నదానికంటే ప్రకాశవంతంగా కనిపిస్తుంది. అప్పుడు గెలాక్సీ దగ్గరగా ఉందని పొరబడతాం. దగ్గరగా ఉన్నా ఆ సూపర్‌నోవా అంతే వెలుగుతో కనిపించిందంటే దాని అసలు ప్రకాశం తక్కువేనని తేలుస్తాం. చివరికి హబుల్ స్థిరాంకం ఎక్కువగా వస్తుంది. తప్పు దిశ కూడా సరిగ్గా వివాదానికి సరిపోయింది, అందుకే చాలామంది నిపుణులు దీని మీదే ఆశ పెట్టుకున్నారు.

దీన్ని తేల్చడానికి జేమ్స్ వెబ్ టెలిస్కోపు అక్కరకొచ్చింది. హబుల్ అద్దం 2.4 మీటర్లు, వెబ్ అద్దం 6.5 మీటర్లు. వెబ్ కెమెరా పిక్సెల్ 0.031 ఆర్క్‌సెకన్లు. అదే 20 మెగాపార్సెక్‌ల దగ్గర ఒక్కో పిక్సెల్ కప్పేది 10 కాంతి సంవత్సరాల లోపే. అవే సెఫీడ్‌లను మళ్లీ కొలిచారు. కొలతల చెల్లాచెదురు బాగా తగ్గింది, సగటు మాత్రం కదల్లేదు. పైగా గుంపు వల్ల తప్పు వస్తుంటే దూరపు గెలాక్సీల్లో అది పెరుగుతూ పోవాలి, అలాంటి వాలు కనిపించలేదు. వివాదాన్ని గుంపు మీదకు నెట్టడాన్ని 8 సిగ్మాల బలంతో తోసిపుచ్చుతున్నట్టు రీస్ బృందం 2024లో ప్రకటించింది.

సెఫీడ్‌లను పూర్తిగా తీసేసి చూడడం మరో దారి. వెండీ ఫ్రీడ్‌మన్ బృందం పట్టుకున్నది ఎర్ర దైత్య నక్షత్రాల శిఖరం. సూర్యుడిలాంటి నక్షత్రం ముసలిదయ్యాక దాని గర్భంలో హీలియం పోగవుతుంది. ఆ గర్భం ద్రవ్యరాశి సూర్యుడిలో సగానికి కాస్త తక్కువకు చేరగానే హీలియం ఒక్కసారిగా అంటుకుంటుంది, నక్షత్రం ప్రకాశం పెరగడం అక్కడితో ఆగుతుంది. గర్భం ఎప్పుడూ అదే బరువు దగ్గర అంటుకుంటుంది కాబట్టి ఆ శిఖరపు ప్రకాశం అన్ని గెలాక్సీల్లోనూ ఒకటే. ఈ ముసలి నక్షత్రాలు గెలాక్సీ అంచుల్లో, ధూళీ గుంపూ లేని చోట దొరకడం పెద్ద సౌలభ్యం. ఈ పద్ధతిలో జవాబు 70 చుట్టూ వస్తోంది.

దీంతో వివాదం సగానికి సగం కరిగిపోయిందని వార్తలొచ్చాయి. లోపలికి దిగి చూస్తే కథ వేరు. ఒకే గెలాక్సీకి సెఫీడ్‌లు ఇచ్చిన దూరం, ఎర్ర దైత్యాలు ఇచ్చిన దూరం పక్కపక్కన పెడితే సగటున కొద్ది శాతం తేడాలోనే కలుస్తున్నాయి. జవాబుల్లో తేడా ఎక్కువగా ఏ సూపర్‌నోవాలను లెక్కలోకి తీసుకున్నారన్న దాని నుంచి వస్తోంది. పది, ఇరవై పేలుళ్ల నమూనాలో, ఒక్కోదానికి 0.13 మాగ్నిట్యూడ్ చెదురు ఉన్నప్పుడు, సగటు 0.03 నుంచి 0.04 దాకా అటో ఇటో పోవడం మామూలే. ఆ మాత్రానికే జవాబు ఒకటిన్నర దాకా మారిపోతుంది. చిన్న నమూనాతో వచ్చిన 70ని 67కూ 73కూ మధ్య రాజీగా చదవకూడదని నా అభిప్రాయం.

ధ్వని పొడవు

రెండో కొలబద్ద సంగతికొద్దాం. తొలి విశ్వం మండే ద్రవం. ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, కాంతి ఒకదాన్నొకటి వదలకుండా కలిసి కదిలేవి. గురుత్వాకర్షణ ఎక్కడైనా పదార్థాన్ని లోపలికి లాగితే కాంతి పీడనం బయటకు నెట్టేది. ఈ తోపులాటే ధ్వని తరంగం. కాంతి వేగంలో సుమారు 57 శాతం వేగంతో అది పరుగెత్తేది. ఉష్ణోగ్రత 3,000 కెల్విన్‌కు పడిపోగానే ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కలిసి పరమాణువులయ్యాయి, కాంతి విడుదలైంది, తరంగం ఉన్నచోటే గడ్డకట్టింది. అప్పటికి ధ్వని వెళ్లిన దూరం 4.3 లక్షల కాంతి సంవత్సరాలు. విశ్వం 1,090 రెట్లు సాగాక ఇవాళ్టి కొలతలో అది 144 మెగాపార్సెక్‌లు. అప్పుడు విడుదలైన కాంతే విశ్వ నేపథ్య వికిరణం; అందులో లక్షలో ఒక వంతు ఉండే వేడి, చల్లని మచ్చల పరిమాణంగా అదే కనిపిస్తుంది. ఆకాశంలో ఆ కోణం 0.6 డిగ్రీలు, నిండు చంద్రుడి కంటే కాస్త పెద్దది. దీన్ని ప్లాంక్ 0.03 శాతం కచ్చితత్వంతో కొలిచింది. విశ్వశాస్త్రం మొత్తంలో ఇంత పదునైన కొలతలు బహు కొద్ది.

అయితే కొలిచింది కోణాన్ని మాత్రమే. 144 అన్న పొడవు లెక్కగట్టింది. వికిరణపు ఉష్ణోగ్రత 2.725 కెల్విన్ అని తెలుసు గనుక కాంతి ఎంతుందో తెలుసు. ఏ పరిమాణపు మచ్చలు ఎంత బలంగా ఉన్నాయో గీస్తే వరుసగా శిఖరాలు వస్తాయి, వాటిలో బేసి శిఖరాలు సరి శిఖరాల కంటే ఎంత ఎత్తున్నాయో చూస్తే మామూలు పదార్థం ఎంతో తెలుస్తుంది. మూడో శిఖరం ఎత్తు డార్క్ మ్యాటర్ (గురుత్వంతో మాత్రమే ఉనికి తెలిసే కనిపించని పదార్థం) మోతాదును పట్టిస్తుంది. న్యూట్రినోలు మూడు రకాలని అనుకుంటాం. వీటన్నిటినీ ఐన్‌స్టీన్ సమీకరణాల్లో పెడితే ఆ తొలి 3,80,000 ఏళ్లలో విశ్వం ఎలా విస్తరించిందో, ధ్వని ఎంత దూరం పోయిందో వస్తుంది. పొడవు, కోణం రెండూ తెలిస్తే ఆ కాంతి బయలుదేరిన చోటు ఎంత దూరమో తేలుతుంది: సుమారు 4,500 కోట్ల కాంతి సంవత్సరాలు. మధ్యలో ఎంత డార్క్ ఎనర్జీ ఉంటే సరిగ్గా ఆ దూరం కుదురుతుందో సరిచూస్తే చివర్లో 67.4 ఊడిపడుతుంది. ప్లాంక్ హబుల్ స్థిరాంకాన్ని కొలిచిందనడం సరికాదు. ఈ లెక్కకు ఆధారమైన విశ్వ నమూనా సరైనదైతే అది 67.4 అయి తీరాలని చెప్పింది. ఉపగ్రహం కొలతలో లోపముందేమోనన్న అనుమానం దాదాపు తీరిపోయింది. అటకామా ఎడారిలోని టెలిస్కోపు, దక్షిణ ధ్రువంలోని టెలిస్కోపు వేర్వేరు పరికరాలతో ఇంచుమించు ఇదే జవాబు ఇచ్చాయి.

మధ్యలో ఉన్న సాక్షి

రెండు కొలబద్దల మధ్య తీర్పు చెప్పడానికి గెలాక్సీల పంపిణీ ఉంది. గడ్డకట్టిన ఆ ధ్వని తరంగం అంచున పదార్థం కాస్త ఎక్కువ పోగైంది కాబట్టి ఇవాళ గెలాక్సీల మధ్య 147 మెగాపార్సెక్‌ల దూరం కొంచెం ఎక్కువసార్లు కనిపిస్తుంది. (మామూలు పదార్థం కాంతి పట్టు నుంచి కాస్త ఆలస్యంగా విడివడింది, అందుకే 144 బదులు 147.) కిట్ పీక్ మీద 4 మీటర్ల టెలిస్కోపుకు 5,000 రోబోటిక్ తంతువులు బిగించి డెసీ బృందం ఈ ముద్రను కొలుస్తోంది. 2025 మార్చిలో విడుదలైన ఫలితాల్లో 1.4 కోట్లకు పైగా గెలాక్సీలు, క్వేజార్లు ఉన్నాయి.

డెసీ చెప్పేది ఒక లబ్ధం. హబుల్ స్థిరాంకాన్ని 100తో భాగించి ధ్వని పొడవుతో గుణిస్తే 101.5, దోషం 0.7. పొడవు 147 అయితే హబుల్ స్థిరాంకం 69. హబుల్ స్థిరాంకం 73 కావాలంటే పొడవు 139 కావాలి. ఈ ఒక్క గుణకారం బోలెడు సిద్ధాంతాలను మూసేసింది.

ఎలాగంటే, డార్క్ ఎనర్జీ ఈమధ్య కాలంలో వింతగా ప్రవర్తించి విస్తరణను 73కు పెంచిందని ఎవరైనా అన్నారనుకుందాం. గత కొన్ని వందల కోట్ల ఏళ్ల విస్తరణ వంపు ఎలా ఉందో దూరపు సూపర్‌నోవాలు గీసి చూపిస్తాయి. ఆ వంపు మీదే గెలాక్సీల ధ్వని ముద్ర కూడా కూర్చోవాలి. వంపు ఆకారం ఇప్పటికే బిగిసిపోయింది, మిగిలిన స్వేచ్ఛ దాన్ని మొత్తంగా పైకో కిందకో జరపడమే. పొడవు 147 దగ్గర ఉన్నంత కాలం వంపు 67, 69 మధ్య చిక్కుకునే ఉంటుంది. అందుకే విశ్వ చరిత్ర చివరి భాగంలో చేసే మార్పులేవీ ఈ వివాదాన్ని తీర్చలేకపోతున్నాయి.

డెసీ ఫలితాల్లో డార్క్ ఎనర్జీ కాలంతో మారుతోందన్న సూచన ఉంది, ఏ సూపర్‌నోవా పట్టికతో కలిపారన్నదాన్ని బట్టి 2.8 నుంచి 4.2 సిగ్మాల దాకా. అది వేరే విషయం, దాని సూత్రం పై గుణకారంలోనే కనిపిస్తుంది. ప్లాంక్ నమూనా ప్రకారం లబ్ధం 0.674 ఇంటూ 147, అంటే 99.1 రావాలి. డెసీకి 101.5 వచ్చింది. ఆ చిన్న ఎడాన్ని పూడ్చడానికే మారే డార్క్ ఎనర్జీని తెచ్చారు. దాన్ని తెస్తే హబుల్ స్థిరాంకం పెరగాల్సింది పోయి ఇంకా తగ్గుతుంది. ఒక సమస్యకు మందు రెండో సమస్యను ముదురబెడుతోంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి రాసే వ్యాసాలు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

మనం పెద్ద శూన్యం నడుమ ఉన్నాం, అందుకే మన చుట్టూ విస్తరణ వేగంగా కనిపిస్తోందన్నది ఇంకో వాదన. మామూలు విశ్వంలో ఇలాంటి హెచ్చుతగ్గులు హబుల్ స్థిరాంకాన్ని 1 శాతం కూడా కదపలేవు. 8 శాతం కావాలంటే వందల మెగాపార్సెక్‌ల మేర అసాధారణమైన ఖాళీ ఉండాలి. అంత పెద్ద ఖాళీ ఉంటే దాని అంచు దాటినచోట సూపర్‌నోవాల వంపులో ఒక మెట్టు కనిపించాలి. కనిపించడం లేదు.

139 చేయడం ఎలా

సిద్ధాంతకర్తలకు మిగిలిన ముఖ్యమైన దారి ధ్వని పొడవును 5, 6 శాతం తగ్గించడం. ధ్వనికి పరుగెత్తే సమయం తగ్గాలంటే, పరమాణువులు ఏర్పడకముందు విశ్వం కాస్త వేగంగా విస్తరించి ఉండాలి. వేగంగా విస్తరించాలంటే అప్పుడు మనకు తెలియని శక్తి ఏదో అదనంగా ఉండాలి.

అందరికీ ముందు తట్టేది అదనపు న్యూట్రినోలాంటి కణం. ఇది నిలవడం లేదు. అదనపు వికిరణం విస్తరణను పెంచడంతో ఆగదు. నేపథ్య వికిరణంలో సన్నటి మచ్చలను కాంతి విస్తరించి చెరిపేసే ప్రక్రియ ఉంది, దాని బలం మారిపోతుంది. న్యూట్రినోలు ధ్వని కంటే వేగంగా పోతాయి కాబట్టి శిఖరాల స్థానాన్ని కూడా కాస్త ముందుకు లాగుతాయి. అదనపు కణం వల్ల రావలసిన ఈ రెండు మార్పులూ ప్లాంక్ పటంలో లేవు. ప్రామాణిక నమూనాలో న్యూట్రినోల లెక్క 3.04 ఉండాలి, ప్లాంక్‌కు వచ్చింది 2.99, దోషం 0.17. వివాదం తీరాలంటే దాదాపు ఒకటి అదనంగా కావాలి.

కొంచెం తెలివైన ఉపాయం తొలి డార్క్ ఎనర్జీ. ఒక స్కేలార్ క్షేత్రం, అంటే విశ్వమంతటా పరుచుకున్న ఒక రకం శక్తి, మొదట్లో కదలకుండా నిలిచి ఉండి, రెడ్‌షిఫ్ట్ 3,500 ప్రాంతంలో, అంటే విశ్వానికి సుమారు 50,000 ఏళ్ల వయసులో, మొత్తం శక్తిలో 10 శాతం దాకా చేరుతుంది. వెంటనే వికిరణం కంటే వేగంగా పలచబడి కనుమరుగవుతుంది. సరైన సమయంలో వచ్చి, విస్తరణను ఒక తోపు తోసి, ఆనవాళ్లు మిగల్చకుండా పోవాలి. 2018 నుంచి ఈ ఆలోచన మీద పుంఖానుపుంఖంగా పరిశోధన పత్రాలు వచ్చాయి. ఖర్చు కూడా ఉంది. ఈ క్షేత్రం శిఖరాల ఎత్తును మారుస్తుంది, దాన్ని సరిచేయడానికి డార్క్ మ్యాటర్ మోతాదు పెంచాలి. డార్క్ మ్యాటర్ పెరిగితే ఇవాళ్టి విశ్వంలో పదార్థం మరింత ముద్దలు కట్టి ఉండాలి. గెలాక్సీల ఆకారాలను గురుత్వాకర్షణ ఎంత వంచిందో కొలిచే సర్వేలు అంత ముద్దను చూపించడం లేదు. పైగా ఈ క్షేత్రం సరిగ్గా ఆ వయసులోనే ఎందుకు మేలుకుంది? ముందుగా రాసిపెట్టిన కారణమేదీ లేదు. అటకామా టెలిస్కోపు 2025 ఫలితాల్లో దీనికి ఆధారం దొరకలేదు, అలాగని పూర్తిగా కొట్టివేయడానికీ చాలలేదు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది మరో ఆలోచన. విస్తరణను ముట్టుకోకుండా, పరమాణువులు ఏర్పడే గడియనే ముందుకు జరపడం. తొలి విశ్వంలో బలహీనమైన అయస్కాంత క్షేత్రాలుంటే అవి ప్రోటాన్లను, ఎలక్ట్రాన్లను చిన్న చిన్న గుట్టలుగా పోగుచేస్తాయి. దట్టంగా ఉన్నచోట ఎలక్ట్రాన్, ప్రోటాన్ తారసపడడం తేలిక. సగటు సాంద్రత అదే అయినా కలయిక రేటు సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మొత్తం మీద పరమాణువులు త్వరగా ఏర్పడతాయి. ధ్వని ముందే ఆగిపోతుంది, పొడవు తగ్గుతుంది. దీని అందమేమిటంటే కొత్త కణం అక్కర్లేదు, గెలాక్సీల మధ్య కనిపించే అయస్కాంత క్షేత్రాలకు మూలం కూడా దొరుకుతుంది. కానీ పొడవును ఒక్కదాన్నే తగ్గిస్తే పూర్తి 73 దాకా పోలేం. అంత దూరం లాగితే పదార్థపు సాంద్రత గెలాక్సీల ధ్వని ముద్రతోనో, గెలాక్సీల ఆకారాల వంపు కొలిచే సర్వేలతోనో తప్పకుండా పేచీ పడుతుంది.

గురుత్వాకర్షణను మార్చే ప్రతిపాదనలకు 2017 ఆగస్టు 17న పెద్ద దెబ్బ తగిలింది. ఆరోజు రెండు న్యూట్రాన్ నక్షత్రాల ఢీ నుంచి గురుత్వ తరంగం వచ్చింది, 1.7 సెకన్లకు గామా కిరణాలు వచ్చాయి. 13 కోట్ల కాంతి సంవత్సరాలు కలిసి ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో చేరాయంటే గురుత్వ తరంగాల వేగం, కాంతి వేగం కోటి కోట్లలో ఒక వంతు కంటే ఎక్కువ తేడా పడవు. డార్క్ ఎనర్జీకి బదులుగా గురుత్వాన్ని సవరించిన సిద్ధాంతాల్లో ఈ రెండు వేగాలు వేరుగా ఉండే కుటుంబాలన్నీ ఒక్కరోజులో రాలిపోయాయి. ఇంకా నిలిచినవాటిలో ఒకటి తమాషాగా మొదటి కొలబద్దనే మారుస్తుంది: గురుత్వ స్థిరాంకం దగ్గరి గతంలో కాస్త మారి ఉంటే, తెల్లకుబ్జం పేలే ద్రవ్యరాశి హద్దు మారి, దగ్గరి సూపర్‌నోవాలకూ దూరపువాటికీ ప్రకాశం వేరవుతుంది. పైన చూసిన 0.17 మాగ్నిట్యూడ్ అలా రావచ్చు. అలాంటి మార్పు సరిగ్గా మన నిచ్చెనలోని దగ్గరి, దూరపు సూపర్‌నోవాల నడుమనే జరగాల్సి రావడం దాని బలహీనత.

నిచ్చెన లేకుండా కొలిస్తే

రెండు కొలబద్దలనూ పక్కనపెట్టే పద్ధతులు కొన్నున్నాయి. ఒక పెద్ద గెలాక్సీ వెనకున్న క్వేజార్ కాంతి దాని గురుత్వం వల్ల వంగి నాలుగు బొమ్మలుగా కనిపిస్తే, నాలుగు దారుల పొడవు వేరు కాబట్టి క్వేజార్ మినుకు ఒక్కో బొమ్మలో ఒక్కో రోజు కనిపిస్తుంది. ఆ ఆలస్యం నుంచి హబుల్ స్థిరాంకం వస్తుంది. 2019లో ఇలా 73.3 వచ్చింది, దోషం 2 లోపే. మరుసటి ఏడాది అదే పరిశోధకులు గెలాక్సీలో ద్రవ్యరాశి పరుచుకున్న తీరు మీద పెట్టుకున్న ఊహను సడలించారు, దోషం ఒక్కసారిగా 6 దాకా పెరిగింది. లెన్సులా పనిచేసే ఆ గెలాక్సీ మీద సమానంగా పరిచిన ఒక పలుచటి ద్రవ్యరాశి పొరను కలిపి, గెలాక్సీ ద్రవ్యరాశిని అందుకు తగ్గట్టు తగ్గించినా బొమ్మలు ఏమాత్రం మారవు, ఆలస్యం మాత్రం మారుతుంది. బొమ్మలను ఎంత బాగా కొలిచినా ఈ సందిగ్ధం పోదు, గెలాక్సీలోని నక్షత్రాల వేగాలను విడిగా కొలిచి దాన్ని బిగించాలి. తమ జవాబులోని కచ్చితత్వాన్ని తామే తగ్గించుకున్న ఆ పని ఈ రంగంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి.

అన్నిటికంటే శుభ్రమైనది గురుత్వ తరంగాల పద్ధతి. ఢీకొనే జంట చుట్టుకునే కొద్దీ తరంగం పౌనఃపున్యం ఎలా పెరుగుతుందో చూస్తే వాటి ద్రవ్యరాశి తెలుస్తుంది. ద్రవ్యరాశి తెలిస్తే తరంగం అసలు బలం సాధారణ సాపేక్ష సిద్ధాంతం నుంచే నేరుగా వస్తుంది. మనకు చేరిన బలంతో పోలిస్తే దూరం. సెఫీడ్ లేదు, సూపర్‌నోవా లేదు, తొలి విశ్వపు ధ్వని లేదు. 2017 ఢీ ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో జరిగిందని కాంతి చూపించింది కనుక రెడ్‌షిఫ్ట్ కూడా దొరికింది, హబుల్ స్థిరాంకం 70 వచ్చింది. దోషం పైకి 12, కిందకు 8. ఇంత పెద్ద దోషానికి మూలం వాలు. జంట కక్ష్య మనకు అభిముఖంగా ఉంటే తరంగం బలంగా వస్తుంది, పక్కకు తిరిగి ఉంటే బలహీనంగా వస్తుంది. దగ్గరగా ఉండి పక్కకు తిరిగిన జంటనూ, దూరంగా ఉండి అభిముఖంగా ఉన్న జంటనూ విడదీసి చూడడం ఒక్క తరంగంతో కష్టం. పేలుడు నుంచి వెలువడిన జెట్ ఆకాశంలో ఎటు జరిగిందో రేడియో టెలిస్కోపులతో చూసి వాలును కొంత బిగించగలిగారు. 2 శాతం కచ్చితత్వం రావాలంటే ఇలా కాంతి తోడుగా దొరికే ఢీలు 50 దాకా కావాలి. ఇప్పటివరకు చేతిలో ఉన్నది ఆ 2017 నాటి ఒక్కటే.